మూస, ఊక, నల్ల ఇసుక

సంతలో కుండ కొనే ఆడవాళ్లను ఎప్పుడైనా గమనించారా? రంగు చూడరు, నునుపు చూడరు. కుండని ఎడమ చేతిలో నిలబెట్టి కుడిచేతి వేలి మెటికతో ఒక్కటి కొడతారు. ఖంగుమంటే బేరం మొదలవుతుంది. బొంగురుగా మోగిందా, కుండ మళ్లీ గడ్డి మీదికి పోతుంది. కంటికి ఆనని పగులు ఎక్కడో ఉందని ఆ మోత చెప్పేస్తుంది. రాజమండ్రిలో గ్రాఫైట్ క్రూసిబుళ్లు తయారయ్యే చోట కూడా ఇదే పరీక్ష చూశాను. బట్టీ నుంచి దింపి చల్లార్చిన నల్లటి పాత్రలను వరసగా చిన్న చెక్కసుత్తితో తడుతూ వెళ్తున్నాడు ఒకాయన. రెండు మోగాయి, మూడోది మూలిగింది. దాన్ని పక్కకు నెట్టేశాడు. మోగని పాత్రలో ఇత్తడి పోస్తే ఏమవుతుందని అడిగితే నా వైపు కాస్త జాలిగా చూశాడు.

క్రూసిబుల్ అంటే మూస. మూస కథ, మూస సినిమా అని మనం విసుక్కునేటప్పుడు వాడే మాట దీనికి చుట్టమే. అక్కడ అది అచ్చు, ఇక్కడ లోహం కరిగించే పాత్ర. బంగారం పని చేసేవాళ్ల దగ్గర బొటనవేలంత మూస ఉంటుంది. ఫౌండ్రీల్లో మనిషి నడుమెత్తు మూసలు ఉంటాయి. దేశంలోని చిన్న పరిశ్రమల క్లస్టర్ల జాబితా తీస్తే తూర్పు గోదావరి పేరు పక్కన బియ్యం మిల్లులు, కొబ్బరి పీచు ఉండటం ఎవరికీ ఆశ్చర్యం కాదు. ఆ పక్కనే రాజమండ్రి గ్రాఫైట్ క్రూసిబుళ్లు, రాజమండ్రి అల్యూమినియం గిన్నెలు, కొలిమి ఇటుకలు కూడా ఉంటాయి. ఈ మూడూ ఒకే వీధి చుట్టాలు. గిన్నెకి అల్యూమినియం కరగాలి, కరగడానికి మూస కావాలి, మూసకి కొలిమి కావాలి, కొలిమికి వేడి తట్టుకునే ఇటుక కావాలి. తణుకు దగ్గర అజ్జరంలో గంటలు, దీపపు కుందులు పోత పోసే ఇత్తడి పనివాళ్లకూ మూస లేనిదే పొద్దు గడవదు.

అధునాతన సిరామిక్కులు, కాంపోజిట్లు అనగానే మనకు రాకెట్లు, క్షిపణులు గుర్తొస్తాయి. నేను మాత్రం ఈ సమీక్షని మూసతోనే మొదలుపెడతాను. ఎందుకంటే అది తన వీపు మీద ఏ బిరుదూ రాసుకోని నిఖార్సైన కాంపోజిట్. అందులో రేకుల్లాంటి గ్రాఫైట్ ఉంటుంది, దాన్ని పట్టి ఉంచే జిగట మట్టి ఉంటుంది, గట్టిదనానికి సిలికాన్ కార్బైడ్ పొడి ఉంటుంది, పైన గాజు లాంటి పూత ఉంటుంది. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటీ ఒంటరిగా ఆ పని చెయ్యలేదు. ఒట్టి మట్టి పాత్ర ఎర్రగా కాలి ఉండగా అందులో చల్లటి లోహపు దిమ్మ వేస్తే ఫట్టున పగులుతుంది. ఒట్టి గ్రాఫైట్ అయితే వేడికి చలించదు గానీ, గాలి తగిలితే సుమారు 500, 600 డిగ్రీల దగ్గరే మెల్లగా కాలి బూడిదవడం మొదలెడుతుంది. ఇత్తడి కరగాలంటే 900 దాటాలి, రాగికి 1085 డిగ్రీలు కావాలి. అందుకే ఒకదాని లోటు ఇంకొకటి తీర్చాలి.

ముద్దగా కలిపిన మిశ్రమాన్ని తిరిగే అచ్చులో వేసి ఇనుప పలకతో గోడకి అదుముతారు. కుమ్మరి సారె చూసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. తేడా ఏమిటంటే, అలా అదిమేటప్పుడు గ్రాఫైట్ రేకులన్నీ గోడ వెంబడి చుట్టూ ఒకే వాటంగా పడుకుంటాయి, చేప పొలుసుల్లాగా. దాంతో రెండు లాభాలు. రేకు వెంబడి వేడి జోరుగా పరుగెడుతుంది గనక పాత్ర అంతా ఒకేసారి కాగుతుంది. ఇక పగులు పుట్టి లోపలికి దూరబోతే ప్రతి రేకు దగ్గరా పక్కకి తిరగాల్సి వస్తుంది, తిరిగి తిరిగి అలిసిపోతుంది. ఈ రెండో సంగతి గుర్తుపెట్టుకోండి, కిందికి వెళ్లేకొద్దీ మళ్లీ మళ్లీ వస్తుంది. ఆరిన పాత్రలను గాలి చొరకుండా బొగ్గుపొడిలో కప్పెట్టి కాలుస్తారు. మూసలకి నంబర్లు ఉంటాయి. పాత వాడుక ప్రకారం నంబరు ఎంతో, సుమారుగా అన్ని కిలోల ఇత్తడి అందులో కరుగుతుంది. వంద నంబరు మూసంటే క్వింటాలు ఇత్తడి అన్నమాట.

"తడి ఆరకుండా కొలిమిలో పెట్టేరంటే పేలిపోద్దండి. మూస తప్పు కాదండి అది, తొందర తప్పు" అన్నాడు సుత్తి పట్టుకున్నాయన. వానాకాలంలో మన గాలికి గోడలే చెమర్చుతాయి, మూస ఊరుకుంటుందా? లోపల పీల్చుకున్న తేమ ఒక్కసారిగా ఆవిరైతే దారి కోసం గోడని చీలుస్తుంది. అందుకే కొత్త మూసని ముందు రెండు వందల డిగ్రీల దాకా నిదానంగా కాచి, తర్వాతే మంట పెంచాలి. లోహపు దిమ్మలని అందులో బిగించి కుక్కకూడదు. వేడికి లోహం మూస కంటే ఎక్కువ ఉబ్బుతుంది, లోపలి నుంచి గూటం కొట్టినట్టు అవుతుంది. పై పూత గీసుకుపోతే ఆ చోట గ్రాఫైట్ కాలిపోయి గోడ పలచబడుతుంది. ఏ పుస్తకం తెరిచినా సిరామిక్కుల గుణదోషాలుగా కనిపించే నాలుగు అధ్యాయాలూ ఈ నాలుగు జాగ్రత్తల్లో ఉన్నాయి.

ఇంతకీ సిరామిక్ ఎందుకు పగులుతుంది? బలహీనమైంది కనక కాదు. నొక్కితే ఉక్కు కంటే ఎక్కువ బరువు మోసే సిరామిక్కులు ఉన్నాయి. అల్యూమినా వజ్రానికి ఒక మెట్టు కిందే ఉంటుంది గట్టిదనంలో, 2000 డిగ్రీలు దాటితే గానీ కరగదు. ఆవకాయ జాడీ సంగతి చూడండి. ఉప్పు, పులుపు, నూనె, కారం ఏడాది పొడుగునా నానినా జాడీ ఏమీ అనదు, ఊరగాయలోకి ఏమీ వదలదు. స్టీలు డబ్బాలో పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. అణువుల మధ్య పట్టు అంత బిగువుగా ఉండటమే ఈ సుగుణాలన్నిటికీ మూలం. దోషానికి మూలమూ అదే. లోహంలో పొరలు ఒకదాని మీద ఒకటి జారగలవు. సుత్తితో కొడితే సొట్ట పడుతుంది, దెబ్బ ఆ సొట్టలో ఖర్చయిపోతుంది. సిరామిక్కులో జారడానికి వీల్లేదు. దెబ్బంతా పోయి ఎక్కడో ఒక సూక్ష్మమైన నెర్రె మొన దగ్గర పోగవుతుంది.

ఇంగ్లండులో విమానాల కర్మాగారంలో పనిచేసిన ఏ.ఏ. గ్రిఫిత్ 1920ల మొదట్లో గాజు పోగులను లాగి తెంపుతూ ఈ సంగతి పట్టుకున్నాడు. పోగు ఎంత సన్నగా ఉంటే, దాని మందానికి తగ్గ లెక్కలో అంత బలంగా ఉంది. సన్నటి పోగులో పెద్ద నెర్రెకి చోటు లేకపోవడమే కారణం. పగులుకి ఎదురు నిలిచే శక్తి మామూలు గాజుకి ఒకటి అనుకుంటే అల్యూమినాకి నాలుగైదు, మేలురకం జిర్కోనియాకి పది చుట్టుపక్కల, ఇళ్లలో వాడే రకం ఉక్కుకే డెబ్బై పైమాట. అంటే గట్టిదనంలో గెలిచిన సిరామిక్, మొండిదనంలో ఓడిపోతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. ఒకే బట్టీలో కాలిన పది పాత్రల్లో ఏది ఎంత బరువుకి పగులుతుందో ముందుగా చెప్పలేం, ఎందుకంటే దేని నెర్రె దానిది. ఇంజనీర్లకు దీని మీద నమ్మకం కుదరకపోవడానికి అసలు కారణం ఇదేనని నా ఉద్దేశం. సగటు బలం ఎవరికి కావాలి? అన్నిటికంటే బలహీనమైన ముక్క ఏదో అదే ప్రాణం తీస్తుంది.

2003 ఫిబ్రవరి 1న కొలంబియా వ్యోమనౌక నేలకు దిగుతూ ముక్కలైంది. కల్పనా చావ్లాతో సహా ఏడుగురు పోయారు. రెక్క అంచున ఉన్న కార్బన్-కార్బన్ పలకకి, పైకి లేచేటప్పుడు ఊడి వచ్చిన నురుగు ముక్క తగిలి చిల్లు పడటం కారణం. ఆ పలక కూడా మన మూసకి దూరపు బంధువే. అదీ కార్బనే, వేడి పెరిగేకొద్దీ బలం తగ్గని వస్తువే, గాలి తగిలితే కాలిపోయేదే. అందుకే దానికీ పైన సిలికాన్ కార్బైడ్ పూత వేశారు. రాజమండ్రి మూస మీది పూతా, అంతరిక్ష నౌక ముక్కు మీది పూతా భయపడేది ఒక్క ఆక్సిజన్‌కే.

పగులుని లేకుండా చెయ్యలేం, ఆపగలం. మనుషులు దీనికి కనుక్కున్న ఉపాయాలన్నీ కలిపితే కాంపోజిట్ల చరిత్ర అవుతుంది. మట్టి గోడకి వరిగడ్డి ముక్కలు, ఊక కలిపి కాళ్లతో తొక్కడం అందులో మొదటి పాఠం. గోడ ఆరేటప్పుడు నెర్రె విచ్చబోతే గడ్డిపోచ రెండు ఒడ్లనీ పట్టుకుని ఉంటుంది.

దీనికంటే ఘనమైన ఉదాహరణ తెలంగాణలో ఉంది. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రంలో ఊట్జ్ ఉక్కు చేసేవారు. డమాస్కస్ కత్తులకి పేరు తెచ్చింది ఈ రకం ఉక్కే. హెన్రీ వాయిసీ అనే ఇంగ్లీషు వైద్యుడు, భూగర్భ పరిశీలకుడు 1820ల మొదట్లో అక్కడికి వెళ్లి ఆ పని చూసి రాశాడు. ఆయన పోయాక, 1832లో అది అచ్చయింది. అందరూ ఉక్కునే పొగిడారు గానీ, ఆ ఉక్కుని గంటల తరబడి మోసిన మట్టి మూస సంగతి ఎవరికీ పట్టలేదు. 1980ల చివర్లో థెల్మా లోవ్ అనే పరిశోధకురాలు పగిలిన మూస పెంకులు ఏరి సూక్ష్మదర్శిని కింద పెట్టింది. మట్టిలో దండిగా వరి ఊక కలిపారు. ఊక మాడి బొగ్గయింది, ఊకలోని సిలికా ఒక అస్థిపంజరంలా మిగిలింది, మట్టిలోంచి ముల్లైట్ అనే సూదుల్లాంటి స్ఫటికాలు పుట్టి అల్లుకున్నాయి. మూడూ కలిసి, ఉక్కు కరిగే వేడిలో కూడా పాత్ర కుంగిపోకుండా నిలబెట్టాయి. ఇవాళ పరిశోధనశాలలో ఎవరైనా అలాంటి వస్తువు చేస్తే పేటెంటుకి దరఖాస్తు పెడతారు. ఆ కమ్మరికి ఊక పక్క పొలంలో దొరికింది.

ఇప్పటి ఉపాయాల్లో నాకు బాగా నచ్చింది జిర్కోనియాది. 1975లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు దీన్ని చాటారు. ఇట్రియా లాంటి ఆక్సైడు కాస్త కలిపితే జిర్కోనియా స్ఫటికాలు తమ అసలు రూపంలోకి మారకుండా, లోపల ఒత్తిడిని బిగబట్టుకుని ఉండిపోతాయి. పగులు మొన దగ్గరికి రాగానే అక్కడి స్ఫటికాలు తటాలున రూపం మార్చుకుని సుమారు నాలుగు శాతం ఉబ్బుతాయి. ఉబ్బి, ఆ నెర్రెని రెండు వైపుల నుంచి నొక్కి మూసేస్తాయి. రద్దీ బస్సులో సందులోకి దూరబోయినవాణ్ణి చుట్టూ ఉన్నవాళ్లు భుజాలు వెడల్పు చేసి ఆపినట్టు. పంటి డాక్టరు దగ్గర 'జిర్కోనియా క్యాప్' వేయించుకున్నవాళ్ల నోట్లో ఈ విద్య రోజూ జరుగుతోంది. ఆ క్యాపుని సగం కాలిన సుద్దలాంటి దిమ్మ నుంచి యంత్రం చెక్కుతుంది. పూర్తిగా కాల్చినప్పుడు ఐదో వంతు కుంచించుకుపోతుంది గనక ముందే ఆ లెక్కన పెద్దదిగా చెక్కుతారు. పచ్చికుండ కాలితే ఎంత తగ్గుతుందో కుమ్మరికి చెయ్యే చెబుతుంది, ఇక్కడ కంప్యూటరు చెబుతుంది.

అయితే ఈ విద్యకీ ఒక మచ్చ ఉంది. తుంటి కీలు మార్పిడికి వాడే జిర్కోనియా బంతులు చేసే ఒక ఫ్రెంచి కంపెనీ 1990ల చివర్లో కాల్చే బట్టీ పద్ధతి మార్చింది. పొడి మారలేదు, కొలతలు మారలేదు, బట్టీ ఒక్కటే మారింది. కొన్ని బ్యాచ్‌ల బంతులు రోగుల ఒంట్లోనే పగిలాయి. 2001లో వాటిని వెనక్కి పిలిపించారు. అప్పటి నుంచి కీళ్ల వైద్యులు ఆ రకానికి చాలావరకు దూరమై, అల్యూమినాలో జిర్కోనియా కలిపిన మిశ్రమం వైపు మళ్లారు. సిరామిక్ విద్యలో మంట కన్నా పెద్ద ముడిసరుకు లేదు. ఆ మాట ఈ వ్యాసంలో ఇంకెక్కడా చెప్పను గానీ, మన జిల్లాల గురించి మాట్లాడేటప్పుడు మీ మనసులో ఉంచుకోండి.

ఎందుకంటే మనకు మట్టికి కొదవ లేదు. ద్వారకా తిరుమల, కామవరపుకోట వైపు మెట్ట నేలల కింద బాల్ క్లే ఉంది. పింగాణీకి, టైల్సుకి జిగట ఇచ్చే మెత్తటి మట్టి ఇది. దేశంలో ఇది చెప్పుకోదగ్గంతగా దొరికే కొద్ది చోట్లలో పాత పశ్చిమ గోదావరి ఒకటి. కొలిమి ఇటుకల మట్టి కూడా ఆ చుట్టుపక్కలే. మన్యం కొండల ఖోండలైట్ రాళ్లలో గ్రాఫైట్ ఉంది. ఆ రాతికి ఖోండు గిరిజనుల పేరే పెట్టారు. రాజోలు, నరసాపురం నేల కింద బట్టీలకి కావలసిన సహజవాయువు ఉంది. ఇన్ని ఉండి కూడా ఈ ప్రాంతంలో పెద్ద పేరు తెచ్చుకున్న సిరామిక్ ఫ్యాక్టరీ అంటే యానాంలోని టైల్సు కర్మాగారమే. 2012 జనవరిలో జరిగిన హింసలో ఇటు కార్మిక నాయకుడు, అటు కంపెనీ అధికారి ప్రాణాలు పోగొట్టుకున్నారు. తర్వాత ఏళ్ల తరబడి అది మూతపడి ఉండిపోయింది. మట్టీ మంటా ఒకచోట ఉన్నంత మాత్రాన పరిశ్రమ నిలబడుతుందనుకోవడానికి వీల్లేదని యానాం వీధులు చెబుతాయి.

నల్ల ఇసుక సంగతి వేరు. అంతర్వేది దగ్గరో, కాకినాడ తీరంలోనో అల వెనక్కి తగ్గాక ఇసుక మీద ముగ్గులా నల్లటి చారలు మిగులుతాయి. పిల్లలు అయస్కాంతం పెట్టి ఆడుకునే ఇసుక అది. అందులో ఇల్మెనైట్, గార్నెట్‌తో పాటు జిర్కాన్, సిలిమనైట్ గింజలు ఉంటాయి. తూర్పు కనుమల రాళ్లు అరిగి, నది మోసుకొచ్చి, సముద్రం జల్లెడ పట్టిన సరుకు ఇది. జిర్కాన్ నుంచి జిర్కోనియా వస్తుంది, సిలిమనైట్ నుంచి మేలైన కొలిమి ఇటుక వస్తుంది. అణు ఖనిజాల డైరెక్టరేటు ఈ తీరమంతా కొలతలు వేసింది. అయితే ఇదే ఇసుకలో థోరియం ఉన్న మోనజైట్ గింజ కూడా ఉంటుంది. కాబట్టి ఎవరు పడితే వాళ్లు తవ్వే సరుకు కాదిది. ఉప్పాడలో సముద్రం ఊరిని కొరుక్కు తింటుంటే చూసినవాళ్లకు, తీరపు ఇసుకని లారీల్లో నింపడం అన్న ఆలోచనే గుబులు పుట్టిస్తుంది. నాకైతే తొందర అక్కర్లేదనిపిస్తుంది.

ఊక దగ్గరికొస్తే మాత్రం నా నిదానం సడలుతుంది. వంద కిలోల ధాన్యం ఆడిస్తే ఇరవై కిలోల ఊక, ఆ ఊక కాలిస్తే నాలుగు కిలోల బూడిద. ఆ బూడిదలో పదింట ఎనిమిది, తొమ్మిది వంతులు సిలికా. వరి మొక్క నేలలోంచి నీటితో పాటు సిలికాని పీల్చి గింజ పొట్టులో దాచుకుంటుంది. రాతిని మర పట్టి చెయ్యలేనంత మెత్తటి సిలికాని అది ఊరికే చేసి పెడుతుంది. ఏడు వందల డిగ్రీలలోపు నిదానంగా కాలిస్తే అది చురుకైన, స్ఫటికం కట్టని సిలికాగా మిగిలి సిమెంటుకి మంచి తోడవుతుంది. బాయిలర్లో ఎడాపెడా మండిస్తే బొగ్గు కలిసిన నల్ల బూడిదో, ఊపిరితిత్తులకి చేటు చేసే గట్టి స్ఫటికమో అవుతుంది. ఉక్కు కర్మాగారాల్లో కరిగిన ఉక్కు చల్లారకుండా పైన కప్పే దుప్పటిగా కూడా ఊక బూడిద వాడతారు.

ఇంకా వింత ఉంది. ఊకలో సిలికా, కార్బన్ రెండూ అణువుల పక్కన అణువులుగా కలిసే ఉంటాయి. గాలి లేకుండా 1400, 1500 డిగ్రీల దగ్గర కాలిస్తే రెండూ కలిసి సిలికాన్ కార్బైడ్ అవుతుంది, అందులో కొంత వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు సన్నటి పోగులుగా పెరుగుతుంది. వాటిని మీసాలంటారు. అమెరికాలో ఐవన్ కట్లర్ 1970ల్లో ఈ దారి చూపించాడు. 1980ల్లో అక్కడి కంపెనీలు ఊక మీసాలను అల్యూమినాలో కలిపి, జెట్ ఇంజన్ల నికెల్ మిశ్రలోహాలను కోసే పనిముట్లు చేశాయి. పగులు వచ్చినప్పుడు ఈ మీసాలు రెండు ఒడ్లనీ పట్టుకుంటాయి, మట్టిగోడలో గడ్డిపోచలా. మీసాల విలువ తెలిసిన జిల్లాలు మనవి, ఇన్ని మిల్లులున్నాయి, ఆ పని ఇక్కడ ఎందుకు జరగలేదని ఎవరైనా అడగొచ్చు. జవాబు మరీ కష్టమైందేమీ కాదు. పీల్చితే ఆస్బెస్టాస్‌లా హాని చేస్తాయన్న భయంతో మీసాల వాడకం అక్కడే తగ్గింది. ఇక ఊకకి మనకు ఇంధనంగానే గిరాకీ ఉంది. మిల్లు యజమానికి ఇవాళ బాయిలరు మండటం ముఖ్యం. ఊక నుంచి రేపే రాకెట్ భాగాలు చేసేస్తామని సభల్లో చెప్పేవాళ్ల మాట నేను నమ్మను. బూడిదని రోడ్డు పక్కన పోసి, బైకు మీద వెళ్లేవాళ్ల కళ్లలో కొట్టడం కన్నా, సరిగ్గా కాల్చి సిమెంటులో కలపడం మాత్రం రేపే చెయ్యగలిగిన పని.

సిరామిక్ తయారీలో మన వాటా ఇంతే అయినా, కాంపోజిట్ల వాడకంలో డెల్టా ఏమీ వెనకబడలేదు. కాకినాడ నుంచి నరసాపురం దాకా రేవుల్లో చెక్క నావలు తగ్గి ఫైబర్ బోట్లు వచ్చాయి. గాజుపోగుల చాపని అచ్చు మీద పరిచి, రెజిన్ పోసి, రోలరుతో గాలి బుడగలు నొక్కి, పొర మీద పొర కట్టడమే బోటు తయారీ. చెయ్యి దురద, ముక్కు పగిలే వాసన ఆ పనిలో మామూలు. బోటు తేలిక, చెదపట్టదు, ఏటేటా పలకల సందులు పూడ్చి తారు పుయ్యక్కర్లేదు. రోలరు సరిగ్గా తిరగని చోట మిగిలిన బుడగ మాత్రం బోటుకి జన్మరోగం. ఉప్పునీరు అక్కడ చేరి పొక్కులు లేస్తాయి, పొరలు విడిపోతాయి. బయటికి బాగానే కనిపిస్తుంది. మళ్లీ వేలితో కొట్టి చూడాల్సిందే. చెక్క నావ ముసలిదైతే వంటచెరుకైనా అయ్యేది. పగిలిన ఫైబర్ బోటుని కాల్చలేం, కరిగించలేం, మట్టిలో కలపలేం. రేవుల్లో బోర్లా పడి ఉన్న వాటి సంఖ్య పెరుగుతోంది, వాటికి దారి చూపించే ఆలోచన ఎవరి దగ్గరా కనిపించదు.

రాజమండ్రి మధురపూడి విమానాశ్రయం నుంచి హైదరాబాదుకి చిన్న ప్రొపెల్లర్ విమానం ఎక్కినవాళ్లు ఏటీఆర్-72లో కూర్చున్నట్టే. రెక్కల ప్రధాన భాగంలో కార్బన్ పోగుల కాంపోజిట్ వాడిన మొదటి ప్రయాణికుల విమానం అది, 1989లో వాడుకలోకి వచ్చింది. సముద్రతీరపు విద్యుత్ లైన్ల మీద పింగాణీ ఇన్సులేటర్ల చోట సిలికోన్ రబ్బరువి కనబడుతున్నాయి. లోపల గాజుపోగుల కడ్డీ, పైన రబ్బరు గొడుగులు. కోనసీమ గాలిలోని ఉప్పు పింగాణీ మీద పొరకట్టి, మంచు పడిన తెల్లవారుజామున దాని మీదుగా కరెంటు పాకి టపటపమంటుంది. రబ్బరు మీద నీరు తామరాకు మీదలా గుండ్లు కడుతుంది గనక ఆ దారి ఏర్పడదు. వేల ఏళ్ల సిరామిక్కుని ప్లాస్టిక్ కాంపోజిట్ ఓడించిన చోటు ఇది, ఒప్పుకోవాలి.

వంటింట్లో గ్యాసు లైటరు నొక్కితే నిప్పురవ్వ రాల్చేది కూడా సిరామిక్కే. సీసం, జిర్కోనియం, టైటానియం కలిసిన గుళిక మీద దెబ్బ పడితే వేల వోల్టుల విద్యుత్తు పుడుతుంది. అదే గుళికకి తిరగేసి విద్యుత్తు ఇస్తే కంపించి శబ్దం చేస్తుంది. వేటకు వెళ్లే మరపడవలో చేపల గుంపుని చూపే ఎకో సౌండరులో ఉన్నది అదే. సగం తిప్పితే ఆగే కొత్త కుళాయిల్లో రెండు అల్యూమినా బిళ్లలు ఒకదానిపై ఒకటి జారుతూ ఉంటాయి, బోరు నీళ్ల ఇసుకకి పాత వాషరు ఆరు నెలలు ఆగేది కాదు. సెల్‌ఫోనులోని వందలాది సిరామిక్ కెపాసిటర్ల గురించి చెప్పుకుంటూపోతే ఈ వ్యాసం తెమలదు.

తెలుగునాట ఈ విద్య లోతుగా సాగుతున్నది హైదరాబాదులో. న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ తీరపు ఇసుకలోని జిర్కాన్ నుంచి జిర్కోనియం లోహం తీసి గొట్టాలు చేస్తుంది. ఆ గొట్టాల్లో నింపే యురేనియం ఆక్సైడ్ గుళికలూ సిరామిక్కులే, 1700 డిగ్రీల దాకా కాలినవి. బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ అనే పరిశోధన సంస్థ సిరామిక్ పొడిని పేలుడు వేగంతో లోహం మీద పూతగా కొట్టే పద్ధతిని చిన్న పరిశ్రమలకు అందించింది. డీఆర్‌డీవో ప్రయోగశాలలు అగ్ని క్షిపణికి వేడి కవచం చేశాయి. అక్కడి తేలిక పదార్థాన్ని చూసిన నిమ్స్ ఆసుపత్రి ఎముకల డాక్టరు అడగడం, మూడు కిలోల ఇనుప కాలిపర్లు మోస్తున్న పోలియో పిల్లలకు మూడు వందల గ్రాముల కాలిపర్లు తయారవడం అబ్దుల్ కలాం జీవితాంతం ఇష్టంగా చెప్పుకున్న కథ. క్షిపణి కన్నా ఆ కాలిపరే తనకు ఎక్కువ ఆనందాన్నిచ్చిందని ఆయన అనేవారు. మన సమాజంలో ఈ పదార్థాలకి ఆ కాలిపరు కంటే మంచి వాడకం నాకు ఇంకోటి తట్టలేదు.

హైదరాబాదుకీ రాజమండ్రికీ మధ్య దూరం రైల్లో ఒక రాత్రి. పరిజ్ఞానంలో ఆ దూరం ఇంకా ఎక్కువే ఉంది. మూసలు చేసే చిన్న యూనిట్లో మట్టి బాగుందో లేదో నోట్లో వేసుకుని పళ్ల మధ్య గరగర చూసి చెప్పే అనుభవజ్ఞులు ఉన్నారు. వాళ్ల చెయ్యి గొప్పదే. గ్రాఫైట్ రేకు సైజెంత, మట్టిలో ఇనుము ఎంత శాతం, బట్టీలో పైవరసకీ కిందివరసకీ వేడిలో తేడా ఎంత అన్నవి మాత్రం చెయ్యి చెప్పదు, యంత్రం చెప్పాలి. మర పట్టే గదుల్లో సిలికా దుమ్ము ఎంత ఉందో కూడా ఊపిరితిత్తులు పాడయ్యాక తెలిసి లాభం లేదు. గూడూరులో ప్రభుత్వ సిరామిక్ టెక్నాలజీ డిప్లొమా ఉంది, మన పిల్లల్లో ఆ మాట విన్నవాళ్లే తక్కువ. మరోపక్క గోదావరి జిల్లాల్లో ఇంజనీరింగ్ కాలేజీలకు లెక్కలేదు. చాలావాటిలో పదార్థాల బలం కొలిచే యంత్రాలు, మఫిల్ ఫర్నేసులు ఉన్నాయి. సెమిస్టరు ప్రాక్టికల్స్ అయ్యాక వాటి మీద గుడ్డ కప్పి ఉంటుంది.

కాలేజీలవారికి ఒక విన్నపం. వారానికి ఒక్క రోజు, శనివారమైనా సరే, ఆ గుడ్డ తీసి ల్యాబు తలుపు మూసలు చేసేవాళ్లకి, అజ్జరం పోతపనివాళ్లకి, బోటు కట్టేవాళ్లకి తెరవండి. నామమాత్రపు రుసుము తీసుకోండి. ఫైనలియర్ కుర్రాళ్లకి బజార్లో ప్రాజెక్టు రిపోర్టు కొనుక్కునే పని తప్పుతుంది, పగిలిన మూస ఒకటి చేతికిచ్చి ఎందుకు పగిలిందో కనుక్కోమంటే ఆరు నెలల పని దొరుకుతుంది.